బెరాలో ఏమీ రాలేదన్నారు, ఇంక చెవి మిషన్లు పెట్టి లాభమేమిటి?

ప్రశ్న: మాది గూడూరు దగ్గర పల్లె. మూడేళ్ళుగా చెన్నై అంబత్తూరులో ఉంటున్నాం. మా ఆయన ఇక్కడ ఫ్యాక్టరీలో సూపర్‌వైజరు. బాబుకి ఏడున్నర నెలలు. పుట్టినప్పుడు చేసే ఓఏఈ అనే వినికిడి పరీక్షలో 'రెఫర్' (మళ్ళీ చూపించాలి) అని వచ్చింది. చెవిలో తడి ఉంటుందిలే, తర్వాత చూద్దామన్నారు. అయిదో నెలలో బెరా (తలకు తీగలు అంటించి, శబ్దానికి వినికిడి నరం స్పందిస్తోందా అని చూసే పరీక్ష) తీస్తే రెండు చెవుల్లోనూ 90 డెసిబెళ్ళ దగ్గర కూడా ఏమీ రాలేదన్నారు. ఆరో నెలలో రెండు చెవి మిషన్లు ఇచ్చారు. పెట్టిన నిమిషానికే పీకేస్తాడు. పాలిస్తుంటే కుయ్యిమంటాయి. మా అత్తయ్య 'మీ మామయ్య నాలుగేళ్ళకు గాని మాట్లాడలేదు, గిన్నె మోగిస్తే వీడు తిరిగి చూస్తూనే ఉన్నాడు, ఎందుకీ హడావిడి' అంటుంది. మాటలు నేర్పే థెరపీ మేడమేమో ఇంట్లో తెలుగు మానేసి ఇంగ్లీషులోనే మాట్లాడమంటారు. నాకొచ్చిన ఇంగ్లీషు అంతంత మాత్రం. ఎలాగూ ఆపరేషన్ చేయించాలంటున్నారు కదా, అప్పటిదాకా ఈ మిషన్లతో పనేముంది? మాది మేనరికం. అందువల్లే ఇలా అయిందా?
– ఒక తల్లి, అంబత్తూరు

జవాబు: అమ్మా, ముందు ఆ 90 సంగతి తేల్చుకుందాం. మిగతా ప్రశ్నలన్నీ దాని చుట్టూనే తిరుగుతున్నాయి.

రిపోర్టు తీసి చూడండి. అందులో 'క్లిక్' అని మాత్రమే ఉందా, లేక 'టోన్ బర్స్ట్' అంటూ 500, 1000, 2000, 4000 హెర్ట్జ్ విడివిడిగా ఉన్నాయా? క్లిక్‌తో తీసిన బెరా ముఖ్యంగా 2000 నుంచి 4000 హెర్ట్జ్ మధ్య వినికిడిని చెబుతుంది. కింది స్థాయి, అంటే తక్కువ హెర్ట్జ్ శబ్దాల సంగతి దానికి పెద్దగా తెలియదు. పైగా ఆ యంత్రం ఇవ్వగలిగిన శబ్దం 90, 100 డెసిబెళ్ళ దగ్గర ఆగిపోతుంది. కాబట్టి 'ఏమీ రాలేదు' అంటే, ఆ హద్దు లోపల ఆ స్థాయిలో అల కనబడలేదని మాత్రమే. ఇలాంటి రిపోర్టు ఉన్న పిల్లల్లో చాలామందికి 250, 500 హెర్ట్జ్ దగ్గర కొంత వినికిడి మిగిలే ఉంటుంది. 'ఊ', 'మ్' ధ్వనుల బలమూ, మీ గొంతులోని హెచ్చుతగ్గులూ, లాలన, గద్దింపూ చాలావరకు అక్కడే ఉంటాయి. ఆ మిగిలిన దాన్ని బిడ్డకు అందించడానికే ఈ మిషన్లు.

క్లిక్ ఒక్కటే చేసి ఉంటే, టోన్ బర్స్ట్ బెరా గాని, అలాంటిదే ఏఎస్‌ఎస్‌ఆర్ అనే పరీక్ష గాని చేయమని అడగండి. మిషను ఏ స్థాయిలో ఎంత పెంచాలో నిర్ణయించేది ఆ అంకెలే. చెవిలో తడి ఉందో లేదో చూసే టింపనోమెట్రీ ఆరు నెలల లోపు చేసి ఉంటే 1000 హెర్ట్జ్ ప్రోబ్‌తో చేశారా అని కూడా అడగండి. పెద్దవాళ్ళకు వాడే 226 హెర్ట్జ్‌తో పసివాళ్ళ చెవి చూస్తే, తడి ఉన్నా లేనట్టు కనబడొచ్చు. మరొకటి. ఓఏఈ సరిగా ఉండి బెరా రాకపోతే అది 'ఆడిటరీ న్యూరోపతీ' అనే వేరే సమస్య. నెలలు నిండకుండా పుట్టిన పిల్లల్లో, పచ్చకామెర్లు ముదిరిన పిల్లల్లో ఎక్కువ. మీ బాబుకి మొదట్లోనే ఓఏఈ రాలేదు గనుక ఆ అనుమానం తక్కువే, అయినా ఓఏఈ ఇంకోసారి తీయించడం అయిదు నిమిషాల పని. ఇక ఏడు నెలల పిల్లవాడు మెడ నిలిపి కూర్చుంటాడు కాబట్టి, శబ్దం వచ్చిన వైపు తిరిగితే బొమ్మ వెలిగే వీఆర్‌ఏ పరీక్షకు కూడా సిద్ధమైనట్టే. ఏ ఒక్క పరీక్ష మీదా తీర్పు నిలబడకూడదు. ఒకదాన్ని ఇంకొకటి బలపరచాలి.

మీ అత్తగారి గిన్నె పరీక్ష గురించి. స్టీలు పళ్ళెం దగ్గరగా మోగిస్తే శబ్దం 90 డెసిబెళ్ళు దాటొచ్చు. పైగా పళ్ళెం ఎత్తిన చెయ్యి కంటి చివర కనబడుతుంది, నేల అదురుతుంది, గాలి తగులుతుంది. వినబడని పిల్లలకు కళ్ళు చాలా చురుకు. ఏ తల్లి అయినా ఇంట్లో చేసే ఈ పరీక్షలో చాలామంది పిల్లలు 'పాస్' అవుతారు, అందుకే దీన్ని నమ్మి రెండో ఏడు దాటాక వచ్చే కుటుంబాలు ఇన్ని. మీ మామగారు నాలుగేళ్ళకు మాట్లాడి ఉండొచ్చు. ఆయనకు వినబడుతూనే ఉండి ఉంటుంది. పిలిస్తే తిరిగి చూసి, 'చెంబు తే' అంటే తెచ్చి, మాట మాత్రం ఆలస్యంగా పలికే పిల్లలు వేరు. వినబడకే మాట రాని పిల్లలు వేరు. మెదడులో వినికిడికి కేటాయించిన చోటు మొదటి మూడు, మూడున్నరేళ్ళలో శబ్దం అందకపోతే కంటి పనికీ స్పర్శ పనికీ మళ్ళిపోతుంది. ఆ తర్వాత శబ్దం అందించినా దాన్ని మాటగా విడదీసుకోవడం కష్టమవుతుంది. అత్తగారితో వాదించే బదులు ఈసారి ఆడియాలజిస్టు (వినికిడి నిపుణుల) దగ్గరికి ఆవిడను కూడా తీసుకెళ్ళండి. శబ్దాలు వినిపించి పరీక్ష చేస్తున్నప్పుడు ఆవిడ ఆ గదిలోనే కూర్చోనివ్వండి.

ఇంకో మాట. మొదటి నెలలోపు పరీక్ష, మూడో నెలలోపు నిర్ధారణ, ఆరో నెలలోపు మిషను: ప్రపంచమంతటా పాటించే లెక్క ఇది. నిర్ధారణ రెండు నెలలు వెనకబడినా ఆరో నెలలో మిషన్లు ఎక్కాయి. మీరు ఆలస్యం చేశానని కుమిలిపోవలసిన పనిలేదు. ఇప్పుడు పోతున్నవల్లా గంటలు.

ఆ గంటల లెక్క చూడండి. ఏడు నెలల పిల్లవాడు రోజులో సుమారు పద్నాలుగు గంటలు నిద్రపోతాడు. మెలకువగా ఉండేది పది. వినికిడి ఉన్న పిల్లవాడు ఆ పదీ వింటాడు. మీ బాబు మిషన్లు రెండు గంటలే ఉంచుకుంటే, పక్కింటి బిడ్డ ఒక రోజులో విన్నది వినడానికి అతనికి అయిదు రోజులు పడుతుంది. ఇప్పటి డిజిటల్ మిషన్లు రోజుకు సగటున ఎన్ని గంటలు పెట్టారో లోపల దాచుకుంటాయి. ఆడియాలజిస్టు కంప్యూటరుకు తగిలిస్తే ఆ అంకె కనబడుతుంది. మీరు సిగ్గుపడనక్కర్లేదు, కానీ ఆ అంకె చూపించమని అడగండి.

పీకేయడం ఈ వయసులో సహజం. నాలుగో నెల నుంచి చేతులకు చెవులు దొరుకుతాయి. చేతికి దొరికింది నోటికి వెళుతుంది. ఇష్టం లేక కాదు. నిద్ర లేచి, గుడ్డ మార్చి, పాలు పట్టి, కడుపు నిండి హాయిగా ఉన్న సమయం చూసి పెట్టండి. పెట్టేముందే రెండు చేతుల్లోనూ ఏదో ఒకటి ఉండాలి, గరిటె, గలగల్లాడే డబ్బా, ఏదైనా. తీసేస్తే తిట్టొద్దు, నవ్వొద్దు కూడా, నవ్వితే అదొక ఆట అయిపోతుంది. ముఖంలో ఏ మార్పూ లేకుండా మళ్ళీ పెట్టండి. మూడుసార్లు వరసగా తీస్తే ఓ పావుగంట వదిలేసి మళ్ళీ మొదలుపెట్టండి. ఇలా చేస్తే కొన్ని వారాల్లో మెలకువ గంటలన్నీ నిండొచ్చు. పలుచని మల్లు గుడ్డతో చెవులు కప్పే టోపీ కుట్టించి గడ్డం కింద ముడి వేస్తే సగం గొడవ తీరుతుంది. ఉన్ని టోపీ వద్దు, అది మైకును మూసేస్తుంది, కూత ఎక్కువవుతుంది. మిషన్లకు కట్టి చొక్కా వెనక తగిలించే క్లిప్పు తాడు కూడా అడగండి. తాడు మెడ చుట్టూ తిరిగేంత పొడుగు ఉండకూడదు. వారం రోజులు బాగా ఉంచుకుని హఠాత్తుగా పీకడం మొదలుపెడితే మాత్రం అది అల్లరి కాదు. మోల్డు (మిషను నుంచి చెవిలోకి దూర్చే అచ్చు) ఒరుసుకుని చెవి ఎర్రబడిందా, జలుబుతో చెవి పోటు ఉందా, శబ్దం మరీ ఎక్కువ పెట్టారా అని చూడాలి.

ఇక కూత. బయటికి వచ్చిన శబ్దం మళ్ళీ మైకులోకి దూరి గుండ్రంగా తిరగడమే అది. పాలిచ్చేటప్పుడు కింది చెవి మీ చేతికో గుండెకో ఆనుకుంటుంది, అందుకే అప్పుడు కుయ్యిమంటుంది. తల కొంచెం మోచేతి మీదికి జరిపి చెవిని ఖాళీగా ఉంచండి. కుదరకపోతే కింది చెవి మిషను ఒక్కటే తీసి పైది ఉంచండి. పాలిచ్చే సమయాన్ని వదులుకోవద్దు. మీ నోరు అతని చెవికి జానెడు దూరంలో ఉండే సమయం రోజు మొత్తంలో అదొక్కటే.

ఎత్తుకోకుండా ఊరికే కూర్చున్నప్పుడు కూడా కూస్తుంటే మోల్డు వదులైందన్నమాట. ఇంట్లోనే తెలుసుకోవచ్చు. మిషను చెవి నుంచి తీసి, ఆన్‌లోనే ఉంచి, మోల్డు చివరి రంధ్రాన్ని బొటనవేలితో గట్టిగా మూయండి. కూత ఆగితే మిషనూ ట్యూబూ బాగున్నట్టే, మోల్డు చెవికి సరిపోవడం లేదు. మూసినా కూస్తుంటే ట్యూబు పగిలింది, లేదా కొక్కెం దగ్గర సందు పడింది. మొదటి ఏడాదిలో చెవి ఎంత వేగంగా పెరుగుతుందంటే నెల, నెలన్నరకే కొత్త మోల్డు అవసరం కావచ్చు. రెండో ఏట మూడు నాలుగు నెలలకోసారి. మెత్తటి సిలికాన్ మోల్డు అడగండి, గట్టి యాక్రిలిక్ పసిచెవికి నప్పదు. ఒక పొరపాటు మాత్రం జరగనివ్వకండి: కూత ఆపడానికి మిషను శబ్దం తగ్గించడం. తల్లి ఫిర్యాదు చేస్తుంది, సెంటరులో రెండు నొక్కులు నొక్కి పంపిస్తారు, కూత ఆగిపోతుంది. దానితో పాటు 'స', 'ష', 'చ', 'త' కూడా ఆగిపోతాయి. కూతకు మందు కొత్త మోల్డు. కొత్త మోల్డు వచ్చిన ప్రతిసారీ 'ఆర్‌ఈసీడీ' (బిడ్డ చెవిలో శబ్దం ఎంత ఎక్కువవుతుందో చెప్పే లెక్క) కొలిచి సెట్టింగు సరిచేయాలి. పసిచెవి గొట్టం చిన్నది గనుక అదే మిషను పెద్దవాళ్ళ చెవిలో కంటే అక్కడ ఎక్కువ శబ్దం చేస్తుంది. చెవి పెరిగే కొద్దీ ఆ లెక్క మారిపోతుంది.

చెన్నై ఉక్కకు మిషన్ల అసలు శత్రువు చెమట. రాత్రి బ్యాటరీ తీసి, తలుపు తెరిచి, సిలికా గుళికలున్న డబ్బాలో పెట్టండి. నీలం గుళికలు గులాబీ రంగుకు తిరిగితే పని అయిపోయినట్టే, మార్చాలి లేదా ఆరబెట్టాలి. ట్యూబులో నీటి బొట్టు కనబడితే మోల్డును మిషను నుంచి విడదీసి రబ్బరు బుడ్డితో ఊదండి. నోటితో ఊదితే ఇంకాస్త తడి చేరుతుంది. మోల్డు ఒక్కటే గోరువెచ్చని సబ్బునీళ్ళలో కడగొచ్చు. బ్యాటరీకి అంటించిన రంగు కాగితం (13 సైజుకు నారింజ, 675కు నీలం) తీశాక ఒకట్రెండు నిమిషాలు గాలి తగలనిచ్చి అప్పుడు వేయండి, ఎక్కువ రోజులు వస్తుంది. బ్యాటరీ తలుపుకు పిల్లలు తీయలేని తాళం ఉండాలి. పాత బ్యాటరీలు కూడా లెక్కపెట్టి పారేయండి. ఒకటి మింగాడని అనుమానం వచ్చినా సరే, తెల్లవారేదాకా చూడకుండా అప్పటికప్పుడు ఆస్పత్రికి పరుగెత్తాలి. తలంటు రోజున మిషన్లు తీసేయండి, సాంబ్రాణి పొగ వేసినప్పుడూ అంతే. చెవిలో నూనె చుక్కలు మాత్రం ఇక ఎప్పటికీ వద్దు. ఈ విషయంలో అత్తగారితో కొంచెం గట్టిగా ఉన్నా ఫరవాలేదు.

రోజూ పొద్దున్న మిషన్లు పెట్టగానే అయిదు నిమిషాల పని ఒకటుంది. ముందు స్టెతోక్లిప్ అనే గొట్టంతో మీరు వినండి, గరగర ఉందా, మధ్యలో ఆగిపోతోందా తెలుస్తుంది. తర్వాత పిల్లవాడి పక్కన, కొంచెం వెనగ్గా కూర్చుని ఆరు ధ్వనులు పలకండి: మ్, ఊ, ఆ, ఈ, ష్, స్. 'మ్' కింది స్థాయిది, 'స్' అన్నిటికంటే పైది. ఈ ఆరూ వినబడితే మాటలోని ధ్వనులన్నీ అందుతున్నట్టే లెక్క. నోటికి చెయ్యి అడ్డం పెట్టకండి, చెయ్యి అడ్డం పెడితే ష్, స్ మొద్దుబారతాయి. ఏడు నెలలవాడు చెయ్యెత్తి చెప్పడు. చప్పరించడం ఆపేస్తాడు, కళ్ళు పెద్దవి చేస్తాడు, కనుబొమలు కదులుతాయి, లేదా ఊరికే స్తంభించిపోతాడు. ధ్వని పలికాక ఒకటి నుంచి అయిదు దాకా మనసులో లెక్కపెట్టుకుని ఎదురుచూడండి. నోటు పుస్తకంలో తేదీ, ఏ ధ్వని, ఎంత దూరం నుంచి, ఏం చేశాడు అని ఒక్క వరుస రాయండి. 'ఊ, ఆ, మ్ అడుగు దూరంలో ఖాయం, ఈ అప్పుడప్పుడు, ష్, స్ లేవు' అని రెండు నెలల పాటు వరసగా ఉంటే, ఇంప్లాంట్ (ఆపరేషన్ చేసి లోపలి చెవిలో అమర్చే వినికిడి పరికరం) వేయాలా వద్దా తేల్చే వైద్యులకు ఆ పుస్తకం రిపోర్టులతో సమానం. నిన్నటిదాకా వచ్చిన 'ఊ' ఇవాళ రాకపోతే బ్యాటరీ అయిపోయిందనో, చెవిలో నీరు చేరిందనో ఆ ఉదయమే తెలిసిపోతుంది.

ఇప్పుడు భాష. థెరపిస్టు చెప్పిన దానితో మేం ఏకీభవించం. ఆవిడ ఉద్దేశం మనకర్థమవుతుంది: రేపు బడి ఇంగ్లీషు మీడియం, ఇంట్లో ఒకటి, వీధిలో ఒకటి, థెరపీలో ఒకటి అయితే బిడ్డ తికమకపడతాడని. కానీ బిడ్డకు కావలసింది వేల కొద్దీ మాటలు, ఎడతెగకుండా, రాగంతో, కోపంతో, ముద్దుతో. అంతంత మాత్రం వచ్చిన భాషలో తల్లి నోటి నుంచి 'కమ్', 'ఈట్', 'బాల్' అనే ముక్కలే వస్తాయి, కథ రాదు, కబురు రాదు. వినికిడి లోపమున్న పిల్లలు కూడా, తగిన శబ్దం అందితే, రెండు మూడు భాషలు నేర్చుకుంటారు. పునాది మాత్రం ఒక భాషలో గట్టిగా పడాలి. ఆ భాష మీకు కలలు వచ్చే భాషే అయ్యుండాలి.

పైగా తెలుగు ఈ పిల్లలకు కొన్ని చోట్ల కలిసొచ్చే భాష. మన మాటలు దాదాపు అన్నీ అచ్చుతో ముగుస్తాయి. అచ్చులు బలమైన ధ్వనులు, తక్కువ వినికిడికి కూడా తొందరగా అందుతాయి. ఇంగ్లీషులో బహువచనం పలికించే 'స్' బలమంతా 4000 హెర్ట్జ్ పైన ఉంటుంది, అందుకే వాళ్ళ పుస్తకాల్లో దాని కోసం అంత తపన. మన బహువచనం 'లు' – పిల్లి, పిల్లులు – దానికంటే ఎంతో తేలిగ్గా వినబడుతుంది. 'పడు', 'పాడు'ల తేడా నిడివిలో ఉంది. నిడివి కింది స్థాయి వినికిడికి కూడా తెలుస్తుంది కాబట్టి దాన్ని తొలి ఆటగా చేసుకోవచ్చు: బొమ్మను కింద వదిలి 'పడు', ఊయల ఊపుతూ 'పా...డు'. ఇబ్బంది ఇంకోచోట ఉంది. తెలుగులో అర్థమంతా మాట చివర వేలాడుతుంది. వచ్చాడు, వచ్చింది, వచ్చారు. ఇంటికి, ఇంట్లో, ఇంటితో. వాక్యం చివరికొచ్చేసరికి మనం గొంతు దించేస్తాం, ఆ 'డు', 'ది', 'రు' గాల్లో కలిసిపోతాయి. బిడ్డతో మాట్లాడేటప్పుడు అరవొద్దు, ముక్కలు ముక్కలుగా విడగొట్టొద్దు. చివర్లు మింగకుండా పలకండి, చాలు.

లాల, బువ్వ, జోజో, టాటా అనే ముద్దుమాటలు వద్దని చెప్పేవాళ్ళు కొందరున్నారు. ఏడాది లోపు నిరభ్యంతరంగా వాడండి. ఒకే అక్షరం రెండుసార్లు వచ్చే ఈ మాటలు చెవికి సులువు. కాకపోతే దాని వెంటే నిండు వాక్యం రావాలి. 'లాల' అని ఊరుకోకుండా, 'లాల పోసుకుందామా? చెంబు ఏదీ? అబ్బ, నీళ్ళు వెచ్చగా ఉన్నాయి. కాలు మీద పోస్తున్నా... ఇదుగో పోశా!' అనండి. స్నానం అప్పుడు మిషన్లు ఉండవుగా అంటారా? నిజమే. కాబట్టి ఆ మాటలన్నీ స్నానానికి ముందు నీళ్ళు కలుపుతుండగా, మిషన్లు తీసేలోపు అనాలి. తుడిచి చొక్కా వేసి మిషన్లు పెట్టగానే మళ్ళీ 'లాల అయిపోయింది' అని చెప్పాలి. ఏదైనా చూపించే ముందు వినిపించండి. కారు బొమ్మను వెనక దాచి 'బుర్ర్ర్...' అనండి, ఆగండి, అతను వెతికాక చూపించండి. ముందే చూపిస్తే కంటి పని అయిపోతుంది, చెవికి పని ఉండదు. ఆగడం చాలామంది తల్లులకు రాదు. అడిగిన ప్రశ్నకు తామే జవాబు చెప్పేస్తారు.

దూరం, రొద. దూరం సగమైతే శబ్దం సుమారు 6 డెసిబెళ్ళు పెరుగుతుంది, అంటే వంటింట్లోంచి కేకేయడం కంటే పక్కకొచ్చి మామూలుగా మాట్లాడటమే మేలు. మిక్సీ తిరుగుతుండగా మాట్లాడిన మాట వృథా. టీవీ ఎవరూ చూడకపోయినా మోగుతూ ఉండే ఇల్లయితే అది ఆపడమే మొదటి థెరపీ. టైల్సు నేల, ఖాళీ గోడలు ఉన్న ఫ్లాటులో మాట ప్రతిధ్వనిస్తుంది. ఆడుకునే మూల ఒక జంపఖానా పరిచి, కిటికీకి మందపాటి కర్టెన్ వేయండి.

థెరపిస్టుకు తెలుగు రాకపోయినా ఫరవాలేదు. ఆవిడ బిడ్డతో ఆడించి పంపించేయకుండా, ఎలా చేయాలో చూపించి, అదే గదిలో మీ చేత తెలుగులో చేయించాలి. ఈ వారం లక్ష్యం ఏమిటో నోటు పుస్తకంలో రాయించుకోండి. ఇంట్లో తీసిన రెండు నిమిషాల వీడియో ఒకటి పట్టుకెళ్ళి చూపించండి. మిమ్మల్ని బయట కూర్చోబెట్టి నలభై అయిదు నిమిషాలు తలుపు వేసుకునే చోటైతే ఇంకొకటి చూసుకోండి. చెన్నైలో అడయారులోని బాల విద్యాలయ 1969 నుంచి పసిపిల్లలకే, తల్లిని పక్కన కూర్చోబెట్టుకుని నేర్పిస్తోంది. అక్కడి భాషలు తమిళం, ఇంగ్లీషు. అంబత్తూరు నుంచి రోజూ వెళ్ళి రావడం చిన్న పని కాదు. మీకు పోరూరులోని శ్రీ రామచంద్ర ఆస్పత్రి ఆడియాలజీ విభాగం దగ్గర. తెలుగులోనే కావాలనుకుంటే తిరుపతిలో టీటీడీ వారి 'శ్రవణం' కేంద్రం పసిపిల్లలకూ తల్లులకూ శిక్షణ ఇస్తుంది. గూడూరు పుట్టిల్లు అయితే ఆలోచించదగ్గదే. సికింద్రాబాదు మనోవికాస్ నగర్‌లో వినికిడి, మాట లోపాల కోసం ఉన్న అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థ ప్రాంతీయ కేంద్రం కూడా ఉంది.

సైగలు నేర్పితే మాట రాదన్న భయం పెట్టుకోకండి. పాలు, ఇంకా, చాలు, అమ్మ లాంటి కొన్ని సైగలు మాటతో పాటు వాడితే ఇంప్లాంటు దాకా ఉన్న నెలల్లో అతనికి తన మనసు చెప్పుకునే దారి దొరుకుతుంది. ఎంఆర్‌ఐలో వినికిడి నరం లేదని తేలితే మాత్రం సైగల భాషే అసలు భాష అవుతుంది. దాన్ని ఓటమిగా చూడనక్కర్లేదు. ఢిల్లీలోని భారతీయ సంకేత భాషా కేంద్రం పదివేల పదాల నిఘంటువును వీడియోలుగా ఇచ్చింది.

ఆపరేషన్ ఎలాగూ ఉంది కదా అన్నారు. మిషన్లతో మూడు నుంచి ఆరు నెలలు ప్రయత్నించి, లాభం ఎంతో చూశాకే ఇంప్లాంటు నిర్ణయిస్తారు. మిషన్లు పెట్టని బిడ్డకు ఆ లెక్క ఎలా తీస్తారు? ప్రభుత్వ పథకాల్లో మామూలుగా ఒక చెవికే ఇస్తారు. రెండో చెవిలో మిషను కొనసాగాలి. చెవి మీద ఒక వస్తువు ఉండటం అలవాటైన బిడ్డ ఇంప్లాంటు బయటి భాగమైన ప్రాసెసరును కూడా ఉంచుకుంటాడు. ఈలోగా సీటీ, ఎంఆర్‌ఐ, కంటి పరీక్ష, ఈసీజీ కానివ్వండి. పుట్టు చెవుడుతో పాటు గుండె లయ తప్పే అరుదైన జబ్బు ఒకటి ఉంటుంది, మత్తు ఇచ్చేముందు అది తెలియాలి. టీకాల కార్డులో న్యుమోకోకల్ (పీసీవీ) 6 వారాలు, 14 వారాలవి పడ్డాయా చూసుకోండి, తొమ్మిదో నెలది రాబోతోంది, వదలొద్దు. ఇంప్లాంటు ఉన్న పిల్లలకు మెదడు పొరల వాపు (మెనింజైటిస్) ముప్పు కొంత ఎక్కువ, ఈ టీకా అందుకే. తిరుమలలో పుట్టు వెంట్రుకలు తీయించే మొక్కు ఉంటే ఆపరేషన్‌కు ముందే కానివ్వండి, తర్వాతైతే గాయం పూర్తిగా మానాక సర్జన్‌ను అడిగి. ఆపరేషన్ రెండు మూడు గంటలు. గాయం మానాక, అంటే ఆపరేషన్ అయిన మూడు నాలుగు వారాలకు ఇంప్లాంటును స్విచాన్ చేస్తారు. ఆ రోజు బాబు ఏడ్చినా, ఏమీ పట్టనట్టు చూసినా రెండూ మామూలే. నవ్వుతూ తిరిగి చూసే వీడియోలను నమ్మి వెళ్ళకండి. అతని వినికిడి వయసు ఆ రోజు సున్నా.

డబ్బు. మీ ఆయన జీతంలో ఈఎస్‌ఐ కోత పడుతుంటే ముందు కె.కె.నగర్ ఈఎస్‌ఐ ఆస్పత్రి ఈఎన్‌టీ విభాగంలో అడగండి. తమిళనాడు ముఖ్యమంత్రి ఆరోగ్య బీమా ఆరేళ్ళ లోపు పిల్లలకు ఇంప్లాంటు ఇస్తుంది. ఇక్కడి రేషన్ కార్డు, ఏడాదికి 1,20,000 లోపు ఆదాయ ధ్రువపత్రం కావాలి. మీ కార్డు ఇంకా గూడూరుదే అయితే, దాన్ని చెన్నైకి మార్చే ముందు ఆంధ్ర వైద్య సేవ పథకంలో ఏముందో అక్కడి ఆరోగ్యమిత్రను కనుక్కోండి. మార్చాక వెనక్కి తిరిగే దారి కష్టం. వికలాంగులకు పరికరాలిచ్చే కేంద్రం వారి అడిప్ పథకం కింద అయిదేళ్ళ లోపు పిల్లలకు దరఖాస్తు అలీ యావర్ జంగ్ సంస్థ ద్వారా నడుస్తుంది. కంపెనీ బీమా ఉంటే 'కాక్లియర్ ఇంప్లాంట్ పరికరం ఖర్చు కవరవుతుందా' అని రాతపూర్వకంగా అడగండి. ఆస్పత్రి ఖర్చు ఇచ్చి పరికరం ఇవ్వని పాలసీలు చాలా. వికలాంగుల ధ్రువపత్రం, యూడీఐడీ (వికలాంగుల గుర్తింపు) కార్డుకు ఇప్పుడే దరఖాస్తు చేయండి. రెండు చెవుల్లో 70 డెసిబెళ్ళ లోపం ఉంటే 2016 చట్టం ప్రకారం 'బధిరత' కిందికి వస్తుంది. ఇంప్లాంటు ఉచితంగా వచ్చినా ఆ తర్వాత కాయిల్, కేబుల్, బ్యాటరీలు, కొన్నేళ్ళకు కొత్త ప్రాసెసరు మీ మీదే. ఏ కంపెనీది వేస్తున్నారు, బయటి భాగానికి గ్యారంటీ ఎన్నేళ్ళు, కేబుల్ పోతే చెన్నైలో ఎన్ని రోజుల్లో దొరుకుతుంది, లోపలి అయస్కాంతంతో ఎంఆర్‌ఐ తీయొచ్చా – సంతకం పెట్టకముందే అడగాల్సినవి ఇవి.

చివరికి మేనరికం. కారణం అదే అయ్యుండొచ్చు, కాకపోనూ వచ్చు. పుట్టు చెవుడు తెచ్చే జన్యువుల్లో చాలావాటికి, తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి, రెండు చెడ్డ ప్రతులు కలిస్తేనే లోపం వస్తుంది. ఒక్క చెడ్డ ప్రతినే మోస్తున్నవాళ్ళకు ఏ లోపమూ కనబడదు. ఒకే ఇంటి రక్తమైతే ఆ రెండూ ఒకేలాంటివి అయ్యే అవకాశం ఎక్కువ. మీ ఇంట్లో ఎవరికీ చెవుడు లేకపోయినా ఇది జరుగుతుంది. నీ వైపా నా వైపా అన్న వాదనకు అందులో చోటు లేదు, రెండు వైపులా ఉంటేనే కదా. బాబు రక్తం తీసి ముందు జీజేబీ2 అనే జన్యువు చూస్తారు, పుట్టు చెవుడులో ఎక్కువగా దొరికేది అదే. అది దొరికితే, మీ ఇద్దరూ దాన్ని మోస్తున్నట్టు తేలితే, ప్రతి కాన్పులోనూ నాలుగింట ఒక వంతు అవకాశం. మరో బిడ్డను అనుకునే ముందే జెనెటిక్ కౌన్సెలింగుకు వెళ్ళండి. ఆ బిడ్డ పుట్టాక ఓఏఈ పాసైందని చెప్పినా నెల తిరగకముందే బెరా కూడా తీయించండి.